నిత్యావసరం కాని వస్తువు

కరోనా వచ్చి అయిదేళ్లు దాటింది. 2020, 2021 సంవత్సరాల్లో తెలుగులో పుంఖానుపుంఖంగా వచ్చిన కవితల్నీ కథల్నీ పాటల్నీ కలిపి 'కరోనా సాహిత్యం' అనడం విమర్శలో అలవాటైపోయింది. దాని మీద పరిశోధన చేస్తామంటూ విద్యార్థులు నాబోటి బడిపంతుళ్ల దగ్గరికి కూడా వస్తున్నారు. ఆ సాహిత్యం మంచి చెడ్డలన్నీ బేరీజు వేయడం ఈ వ్యాసం పని కాదు. నేను ఎత్తదలచుకున్నది ఒక్క విషయం. ఆ రోజుల్లో ప్రభుత్వం లోకంలోని సరుకుల్ని రెండుగా చీల్చింది. ఒకటి నిత్యావసరం, రెండోది నిత్యావసరం కానిది. మొదటిది కొనుక్కోవచ్చు, రెండోది కొనరాదు, అమ్మరాదు. ఈ చీలిక మీద జనానికి విసుగు పుట్టింది, కోపం వచ్చింది. ఆ కోపాన్ని మన అభ్యుదయ రచయితలు ఎలా చూశారు? నాకు తెలిసినంతలో చాలామంది చూడలేదు. చూసిన కొద్దిమంది వెక్కిరించారు.

ఈ ప్రశ్న ఊరికే పుట్టలేదు. దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చి డిగ్రీ చదువుకున్న ఒక అమ్మాయి ఆ రోజుల్లో ఒక కథ రాసింది. దాన్ని ఒక సంకలనానికి పంపింది. 'వస్తువు బలహీనంగా ఉంది' అన్న ఒక్క వాక్యంతో అది తిరిగివచ్చింది. ఆ కథలోని వస్తువు ఒక జత రబ్బరు చెప్పులు. మన భాషలో వస్తువంటే చేత్తో పట్టుకునే సరుకూ అవుతుంది, రచనకు ప్రాణమైన ఇతివృత్తమూ అవుతుంది. సంపాదకులు రెండో అర్థంలోనే రాసి ఉంటారు. కానీ ఆ తీర్పు వెనక మొదటి అర్థం కూడా పనిచేసిందని నా అనుమానం. చెప్పుల జత నిత్యావసరం కాదని ప్రభుత్వం అన్నది. అది కథావస్తువు కాదని సాహిత్యం అన్నది.

ముందుగా ప్రభుత్వం ఏమన్నదో చూద్దాం. తెలంగాణలో 2020 మార్చి 22 జనతా కర్ఫ్యూ రాత్రికే లాక్‌డౌన్ ప్రకటించారు. దేశమంతటికీ మార్చి 24న ఉత్తర్వు వచ్చింది. కిరాణా, కూరగాయలు, పాలు, మాంసం, చేపలు, పశువుల దాణా, మందులు – ఇలా కొన్ని దుకాణాలే తెరవవచ్చు. మిగిలినవన్నీ మూత. ఆ జాబితా ఎంత తొందరలో, ఎవరి కళ్లతో తయారైందో తెలుసుకోవడానికి ఆ తర్వాత వచ్చిన సవరణలే సాక్ష్యం. ఆడవాళ్లు నెలసరికి వాడే ప్యాడ్లు కూడా నిత్యావసరాల్లో చేరతాయని కేంద్ర హోంశాఖ మార్చి 29న వివరణ ఇవ్వవలసి వచ్చింది. ఏప్రిల్ 20 నుంచి సెల్‌ఫోన్లు, బట్టలు వంటివి ఆన్‌లైన్‌లో అమ్ముకోవచ్చన్నారు. తీరా 19వ తేదీన అది కూడా రద్దు చేశారు. ఏప్రిల్ 21న విద్యార్థుల పుస్తకాల దుకాణాలకూ, కరెంటు ఫంకాల దుకాణాలకూ అనుమతి వచ్చింది. అంటే ఇరవై ఎనిమిది రోజుల పాటు ఈ దేశంలో పాఠ్యపుస్తకం నిత్యావసరం కాదు. తెలంగాణ మంత్రివర్గం ఏ సడలింపూ లేకుండా మే 7 దాకా పొడిగించింది. అలా పొడిగించిన ప్రభుత్వమే ఆ గడువుకు ఒకరోజు ముందు, మే 6న, ధర పదహారు శాతం పెంచి మద్యం దుకాణాలు తెరిచింది.

ఇంకొక సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. అదే ఏడాది జూన్‌లో కేంద్రం 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టాన్ని ఆర్డినెన్సుతో సవరించింది. తిండిగింజలు, పప్పులు, నూనెలు, ఉల్లిపాయ, బంగాళాదుంప అసాధారణ పరిస్థితుల్లో తప్ప నియంత్రణలో ఉండవన్నది. మూడు సాగు చట్టాల మీద రైతులు ఏడాది పాటు పోరాడితే 2021 చివర్లో వాటిలో ఒకటైన ఆ సవరణ కూడా రద్దయింది. ఏప్రిల్‌లో చెప్పులు నిత్యావసరం కాదన్న ప్రభుత్వం, జూన్ వచ్చేసరికి పప్పు మీదా నూనె మీదా పట్టు వదులుకోవడానికి సిద్ధపడింది. కొనేవాడి ఎదుట గీత ఒకచోట గీశారు, అమ్మే పెద్ద వ్యాపారి కోసం ఇంకోచోట గీశారు. నిత్యావసరం అనే మాటకు స్వయంసిద్ధమైన అర్థం లేదనీ, అధికారం ఎవరి చేతిలో ఉంటే వాళ్లు దాన్ని నిర్వచిస్తారనీ చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మన రచయితకు దొరకదు. అయినా దీని మీద ఒక్క మంచి వ్యంగ్య కథ నా కంటపడలేదు.

రోగం పాకకుండా సంతలు ఆపడమే తప్పని నేను వాదించడం లేదు. ఆసుపత్రి మంచం దొరక్క చనిపోయిన వాళ్లను మా ప్రాంతంలో కూడా చూశాం. గుంపులు కూడరాదనడం వేరు. ఫలానా సరుకు నీకు అక్కరలేదనడం వేరు. మొదటిది వైద్యం చెప్పే మాట. రెండోది నీ ఇంట్లో ఏముందో, నీకేం కావాలో నాకు తెలుసు అనే మాట. జాబితా రాసిన అధికారి తన ఇంటిని చూసి రాశాడు. ఇంట్లో నాలుగు జతల చెప్పులున్న మనిషికి చెప్పుల దుకాణం రెండు నెలలు మూతపడినా తేడా తెలియదు. ఏ వారం కూలి ఆ వారం సంతలో ఖర్చుపెట్టి, తెగినప్పుడు చెప్పులు, ఆరిపోయినప్పుడు టార్చిలైటు సెల్లులు, పంక్చరు పడినప్పుడు సైకిలు ట్యూబు కొనుక్కునే మనిషికి నిలవ అనేది ఉండదు. అతని ఇంటి అటక సంతలోనే ఉంటుంది.

భద్రాచలం ఏజెన్సీలో సంత అంటే కొనే చోటు మాత్రమే కాదని మైదాన ప్రాంతపు పాఠకులు గుర్తుంచుకోవాలి. మార్చి, ఏప్రిల్ నెలలు ఇప్పపువ్వు రాలే కాలం, చింతపండు కొట్టే కాలం. ఆ వెంటనే తునికాకు వస్తుంది. కోయవాళ్ల చేతికి ఏడాదిలో నాలుగు డబ్బులు ఆడేది ఈ ఎండాకాలంలోనే. ఒక చేత్తో గంపలోని సరుకు అమ్మి, రెండో చేత్తో ఉప్పు, బట్ట, గాజులు, పార, దోమతెర కొనుక్కుని ఇంటికి పోయే చోటు సంత. లాక్‌డౌన్ సరిగ్గా ఆ నెలల మీదే పడింది. ఆదివాసులు అటవీ ఫలసాయం ఏరుకోవచ్చని ఏప్రిల్ 16న ఉత్తర్వు వచ్చింది. మంచిదే. అయితే ఇప్పపువ్వు తెల్లవారకముందే ఏరాలి. ఎలుగుబంటి కూడా ఆ పువ్వు కోసమే వస్తుంది. టార్చిలైటు సెల్లులు ఎక్కడ కొనాలో ఆ ఉత్తర్వు చెప్పలేదు.

దీనికి తోడు సరిహద్దు. 2014లో పోలవరం ముంపు పేరిట ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, పట్టణాన్ని ఆనుకున్న ఎటపాక అవతలి రాష్ట్రమైంది. కూనవరం, చింతూరు, వర రామచంద్రపురం వాళ్లకు తరతరాలుగా బజారంటే భద్రాచలం. 2020లో రాష్ట్రాల సరిహద్దులు మూసినప్పుడు వాళ్లకు తమ బజారు పరాయి రాష్ట్రమైపోయింది. ఆ ఏడు ఏప్రిల్ 2న శ్రీరామనవమి కల్యాణం భక్తులు లేకుండా జరిగింది. ఏటా ఆ పండుగ మీదే బతికే గాజులవాళ్లు, బొమ్మలవాళ్లు, పూసలవాళ్లు ఏమయ్యారో పత్రికలు అడగలేదు. కల్యాణం ఏకాంతంగా జరిగిందనే విచారం మాత్రం మొదటి పేజీల్లో వచ్చింది. వస్తువు అక్కరలేదంటే దాన్ని అమ్ముకు బతికేవాడు కూడా అక్కరలేనట్టేనన్న సంగతిని మన కథకులన్నా పట్టుకోవలసింది.

ఇప్పుడు సాహిత్యం దగ్గరికి వద్దాం. 2020 వేసవిలో నేను చదివిన కవితల్లో అత్యధిక భాగం నడక మీద వచ్చాయి. అది న్యాయమే. పేరూరు ప్రాంతపు మిరపతోటల నుంచి బయలుదేరి, అడవిదారిన మూడు రోజులు నడిచి, ఏప్రిల్ 18న బీజాపూర్ జిల్లాలోని తన ఇంటికి కొద్ది దూరంలో పన్నెండేళ్ల ఆదివాసీ బాలిక ప్రాణం విడిచింది. మా గోదావరి ఒడ్డున జరిగిన ఈ ఘోరాన్ని చూసి కదలని వాడు కవి కాదు. ఆ కవితల నిండా పాదాలున్నాయి. బొబ్బలెక్కిన పాదాలు, నెత్తురోడే పాదాలు, తారు రోడ్డుకు అంటుకున్న పాదాలు. కానీ ఆ పాదాలకు చెప్పులు ఎందుకు లేవు, దారి పొడవునా చెప్పుల దుకాణాలు ఎందుకు మూసి ఉన్నాయి, చెప్పులు నిత్యావసరం కాదని రాసిన కాగితం ఎక్కడిది అని అడిగిన కవిత నాకు కనబడలేదు. పాదం కవితావస్తువైంది, చెప్పు కాలేదు. పాదం మీద కరుణ పుడుతుంది. చెప్పు మీద అయితే ప్రశ్న పుడుతుంది. మన కవులు ఎక్కువమంది కరుణ దగ్గర ఆగిపోయారు.

రెండో రకం రచనలు ఇంకా ఇబ్బందికరమైనవి. లాక్‌డౌన్ మనకు కొనుగోళ్లు తగ్గించుకోవడం నేర్పిందని, అక్కరలేని సరుకుల వ్యామోహం నుంచి విముక్తి కలిగించిందని సంబరపడిన వ్యాసాలు, కవితలు. దుకాణం ముందు నిలబడి గొణిగే జనాన్ని వాటిలో వినిమయ సంస్కృతికి బానిసలుగా చిత్రించారు. దీనికి ఒక చరిత్ర ఉంది. 1991 తర్వాత ప్రపంచీకరణ మీద మనవాళ్లు రాసిన కవిత్వమూ పాటలూ పల్లెల్లోకి చొరబడిన కంపెనీ సరుకును శత్రువుగా చూశాయి. కుమ్మరి చక్రం ఆగిన చోట ప్లాస్టిక్ బిందె ప్రత్యక్షమైనప్పుడు అలా చూడటం సరైనదే. అయితే కంపెనీ మీద కోపం క్రమంగా సరుకు మీదికీ, అక్కడి నుంచి సరుకు కోరుకునే మనిషి మీదికీ జారింది. వ్యామోహం అనే మాట పట్టణంలో మూడో టీవీ కొనేవాడికీ, చర్ల సంతలో పెళ్లికూతురికి చీర కొనేదానికీ ఒక్కలాగే వాడడం వర్గ దృష్టి అనిపించుకోదు. పేదవాడికి తిండి చాలు, మిగతాది విలాసం అనేది పాత దొరల మాట. పన్నెండు కిలోల బియ్యం, కుటుంబానికి పదిహేను వందల రూపాయలు ఇచ్చాం గదా, ఇంకేం కావాలి అన్న ప్రభుత్వపు ధోరణికీ దీనికీ తేడా ఎంత?

పెట్టుబడిదారీ అర్థశాస్త్రానికి ఆద్యుడైన ఆడం స్మిత్ 1776లోనే ఈ విషయం మనకంటె ఉదారంగా ఆలోచించాడు. ప్రాణం నిలబెట్టేవి మాత్రమే అవసరాలు కావు, నలుగురిలో సిగ్గుపడకుండా తిరగడానికి ఆ దేశపు ఆచారం ఏది తప్పనిసరి చేస్తుందో అది కూడా అవసరమే అన్నాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో తోలు చెప్పులున్నాయి. శ్రామికుడి అవసరాల్లో చరిత్రకు కూడా పాలు ఉందని మార్క్స్ 'పెట్టుబడి'లో చెప్పిన సంగతి ఈ పత్రిక పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

మన సంప్రదాయంలోనే చూద్దాం. ఇంట్లో వాడి పారేసే చిన్నచిన్న సరుకులకు కవిత్వంలో చోటు కల్పించినవాడు శ్రీశ్రీ. ఆ మాట విద్యార్థులకు పరీక్షల కోసం చెబుతాం గాని, దాని పర్యవసానం మనం ఆలోచించలేదు. ఇక చాసో. 'ఎందుకు పారేస్తాను నాన్నా!' కథలో చదువు ఆగిపోయిన కుర్రవాణ్ణి తండ్రి చుట్టలు కొనుక్కురమ్మంటాడు. బడి ముందు నుంచి పోవాలి. కథంతా ఆ కుర్రవాడి సిగ్గు, బడి మీద వాడి ఆశ. ఆకలిచావు లేదు, కన్నీటి వరద లేదు. చుట్టలకు డబ్బుంది, చదువుకు లేదు. ఇంట్లో ఏది అవసరమో నిర్ణయించే అధికారం తండ్రిది. చాసో ఆ తండ్రిని దుర్మార్గుణ్ణి చేయడు. 2020 మే నెలలో తెరిచిన దుకాణాలూ మూసిన దుకాణాలూ చూస్తున్నప్పుడు నాకీ కథ పదేపదే గుర్తుకొచ్చింది. ఆయనదే 'వాయులీనం'లో రోగం, బీదరికం ముంచుకొచ్చిన ఇంట్లోంచి ఫిడేలు పోతుంది. ఏ ప్రభుత్వ జాబితా ప్రకారం చూసినా ఫిడేలు నిత్యావసరం కాదు. అది పోతే ఒక మనిషిలో ఏం పోతుందో చూపించడానికి ఆ కథ పుట్టింది. మన సంపాదకుల ప్రమాణంతో ఆ రెండు కథలూ బలహీనమైన వస్తువు కింద తిరిగివచ్చేవే.

ఇప్పుడు ఆ రాతప్రతి సంగతి. కోయ తల్లి, పదో తరగతి పరీక్షలు మధ్యలో ఆగిపోయిన కూతురు. ఇప్పపువ్వు ఏరబోయిన చోట కూతురి చెప్పు పట్టీ తెగుతుంది. పిన్నీసు పెట్టి రెండు రోజులు లాగిస్తారు, మూడోనాడు పిన్నీసు గుచ్చుకుంటుంది. తల్లి నూట ఎనభై రూపాయలు కొంగున కట్టుకుని మండల కేంద్రానికి నడిచిపోతుంది. చెప్పుల దుకాణం మూత. సగం దించిన షట్టరు వెనక ఒక కిరాణా సావుకారి బియ్యం బస్తాల చాటున చెప్పులు పెట్టి అమ్ముతున్నాడు. తొంభై రూపాయల జత నూట యాభై. బేరం తెగుతుండగా కానిస్టేబులు వస్తాడు. "దేనికొచ్చావమ్మా?" అంటాడు. ఆమె నోరు విప్పకముందే సావుకారి "బియ్యానికి వచ్చింది సార్" అని అయిదు కిలోల సంచి ఆమె చేతిలో పెడతాడు. ఇంట్లో రేషన్ బియ్యం ఉన్నాయి. ఈ బియ్యానికి ఆమె డబ్బివ్వలేదు, ఇవ్వనూ లేదు. చెప్పులు సంచి అడుగున, బియ్యం చంకన పెట్టుకుని వేపచెట్టు కింద నిలబడుతుంది. కానిస్టేబులు సావుకారితో కబుర్లు చెబుతూ కదలడు. అతను వెళ్లేదాకా తనకు అక్కరలేని నిత్యావసరాన్ని మోస్తూ ఆమె ఎండలో అలా నిలబడే ఉంటుంది.

కరోనా కాలం మీద నేను చదివిన కథల్లో ఇంతటి సన్నివేశం మరొకటి లేదు. బియ్యం చూపిస్తే నేరం లేదు, చెప్పులు చూపిస్తే నేరం. ఆకలిగా ఉన్నట్టు నటిస్తే తప్ప తన సొంత డబ్బుతో ఆమె ఏమీ కొనుక్కోలేదు. పేదదానికి ఆకలి తప్ప వేరే కోరిక ఉండకూడదని ప్రభుత్వం, దుకాణదారు, పోలీసు ముగ్గురూ కలిసి ఒప్పించిన ఆ క్షణాన్ని ఆ అమ్మాయి ఒక్క వ్యాఖ్య లేకుండా రాసింది. కానిస్టేబులు కూడా చెడ్డవాడు కాదు. మాస్కు సరిగా కట్టుకొమ్మని చెబుతాడు. సావుకారి రేటు పెంచి దోచుకుంటున్నాడు, ఆ దోపిడీతోనే ఆమెకు దారి చూపిస్తున్నాడు. ఈ సంక్లిష్టత అనుభవం నుంచి వచ్చింది.

కథ నిర్దోషమని అనను. చివరి పేజీలో తల్లి ఇంటికొచ్చి కూతురితో రాజ్యాంగం గురించీ హక్కుల గురించీ మాట్లాడుతుంది. ఆ మాటలు రచయిత్రి కాలేజీలో నేర్చుకున్నవి, తల్లివి కావు. సంకలనాల్లో అలాంటి ముగింపు లేకపోతే అభ్యుదయం తక్కువవుతుందేమోనన్న భయం ఆమె చేత ఆ పేజీ రాయించింది. ఆ భయం పెట్టింది మనమే. ప్రారంభంలో వైరస్ పుట్టుక గురించిన అర పేజీ కూడా దండగ. కోయ తల్లీకూతుళ్లు ఇంట్లో కోయలో మాట్లాడుకుంటారు గదా, ఆ సంభాషణను ఏ తెలుగులో రాయాలన్న సమస్యను ఆమె ఇంకా ఎదుర్కోలేదు. ఇవన్నీ దిద్దుకోదగ్గ లోపాలు. సంపాదకులు వీటిని చెప్పి ఉంటే ఆమెకు మేలు జరిగేది. చెప్పుల మీద కథేమిటన్న చిన్నచూపు మాత్రం దిద్దుబాటు కాదు.

ఈ రకమైన కోపం మన దగ్గరే పుట్టిందనుకోవద్దు. 2020 అక్టోబరులో బ్రిటన్‌లోని వేల్స్‌లో పదిహేడు రోజుల లాక్‌డౌన్ పెట్టి, సూపర్ మార్కెట్లలో అత్యవసరం కాని సరుకులు అమ్మరాదన్నారు. తెరిచి ఉన్న దుకాణంలోనే బట్టల అరలకూ పుస్తకాల అరలకూ ప్లాస్టిక్ పట్టాలు కప్పారు. దాని మీద అరవై వేలకు పైగా సంతకాలతో అక్కడి శాసనసభకు అర్జీ వెళ్లింది. చిన్న దుకాణాలు మూసి పెద్ద దుకాణాలకు లాభం చేయడం అన్యాయమని అక్కడి ప్రభుత్వం చెప్పిన కారణంలో కొంత నిజముంది కూడా. కానీ అక్కడ ఆ కోపాన్ని ప్రజాభిప్రాయంగా లెక్కించి చర్చించారు. వేపచెట్టు కింద నిలబడ్డ మనిషి కోపానికి అర్జీ లేదు, పత్రిక లేదు. ఆమెకు మిగిలిన చోటు సాహిత్యమే.

ఇలాంటి వస్తువులు ఇంకా ఉన్నాయి, రాసేవాళ్ల కోసం. బడిపంతులుగా నాకు బాగా తెలిసింది ఫోను. 2020 ఏప్రిల్‌లో సెల్‌ఫోను నిత్యావసరం కాదు. సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్, టీ-శాట్ ద్వారా పాఠాలు మొదలయ్యేసరికి టీవీ గాని ఫోను గాని లేని పిల్లవాడు బడికి రానట్టే లెక్క. అయిదు నెలల్లో ఒక విలాసం హాజరుపట్టీగా మారింది. ఫోను కోసం మేకను అమ్మిన ఇళ్లున్నాయి. ఫోను కొన్నా సిగ్నలు కోసం చెట్టెక్కిన పిల్లలున్నారు. మళ్లీ 2021 మే 12న లాక్‌డౌన్ పెట్టి ఉదయం ఆరు నుంచి పది గంటల దాకా బజారు తెరిచారు. లోపలి గూడెం నుంచి కాలినడకన వచ్చే మనిషికి పది గంటలంటే ఎంత దూరమో ఆ వేళలు నిర్ణయించినవాళ్లు కొలవలేదు. ఒక గూడెం, ఒక బజారు, మధ్య దారి, నాలుగు గంటలు. దీని మీద నవలిక రాయవచ్చు.

రాతప్రతి ప్రస్తుతం నా దగ్గరే ఉంది. చివరి పేజీ తీసేయమని, వేపచెట్టు దగ్గర ఆపమని ఆ అమ్మాయికి చెప్పాను. మొదట ఒప్పుకోలేదు. తల్లి ఏమీ మాట్లాడకపోతే పాఠకులకు అర్థమవుతుందా అని అడిగింది. బియ్యం సంచి చేతులు మారేటప్పుడు తల్లి చూపు ఎక్కడుందో ఒక్క వాక్యంలో రాసి చూడమన్నాను. దిద్ది పంపుతానంది.